లాబ్రడార్‌కు రిమోట్ డమ్మీ లాంచర్‌తో శిక్షణ ఇవ్వడం ఎలా?

బెంగళూరులో లాబ్రడార్‌నో గోల్డెన్ రిట్రీవర్‌నో పెంచుకుంటున్న తెలుగువారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. లాంచర్ కొన్నామనీ, మొదటి రెండు రోజులూ కుక్క బ్రహ్మాండంగా పరుగెత్తిందనీ, మూడో రోజు నుంచి మాత్రం డమ్మీ (కుక్క వెళ్ళి తేవలసిన గుడ్డ మూట) పడిన చోటికి కాకుండా యంత్రం దగ్గరికే వెళ్ళి దాని చుట్టూ తిరుగుతోందనీ, ఇప్పుడేం చేయాలనీ అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే కంటే ఒకసారి వివరంగా రాయడం మేలనిపించింది. క్లుప్తంగా చెప్పాలంటే తప్పు కుక్కది కాదు, యంత్రానిదీ కాదు. యంత్రాన్ని ఎక్కడ పెట్టామన్నదీ, బటన్ ఎన్నిసార్లు నొక్కామన్నదీ చూసుకోకపోవడమే తప్పు.

లాంచర్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక మాట. చిన్నప్పుడు మనం వాడిన ఉండేలుకు ఇనుప చట్రం బిగించి, దాన్ని దూరం నుంచి వదిలే ఏర్పాటు చేస్తే అదే లాంచర్. గట్టి రబ్బరు గొట్టాలను సాగదీసి, డమ్మీ పెట్టే తొట్టిని ఒక కొక్కెంతో బిగిస్తారు. మీ చేతిలోని రిమోట్ నొక్కితే కొక్కెం విడుతుంది, డమ్మీ గాలిలోకి లేచి 20, 30 మీటర్ల దూరంలో పడుతుంది. చేత్తో విసిరితే డమ్మీ మీ నుంచే బయలుదేరుతుంది. లాంచరయితే మీకు వంద మీటర్ల అవతల, ఎవరూ లేనిచోట, మీరు కోరిన క్షణాన లేచి పడుతుంది. అంత దూరాన పడిన చోటును కుక్క కళ్ళతో గుర్తుపెట్టుకుని తిన్నగా అక్కడికి వెళ్ళడాన్ని ‘మార్క్’ చేయడం అంటారు. లాంచర్ నేర్పేది ప్రధానంగా ఇదే. తెచ్చి చేతికివ్వడం అది నేర్పదు.

ఇది వేట కుక్కల శిక్షణ నుంచి వచ్చిన పద్ధతి కనుక కొందరు వేరే అర్థం చేసుకుంటారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషిద్ధం. ఇక్కడ మనం చేసేది గుడ్డ డమ్మీలతో ఆట మాత్రమే. పెద్ద జాతి కుక్క మూడో అంతస్తు ఫ్లాటులో రోజంతా కూర్చుని వారానికి రెండుసార్లు బుర్రకూ కాళ్ళకూ పని దొరికితే ఎంత మారుతుందో చూసినవారికే తెలుస్తుంది.

యంత్రం కొనే ముందు

కింది నాలుగు పనులూ మీ కుక్క లాంచర్ లేకుండానే, మీరు చేత్తో విసిరిన డమ్మీతో, నమ్మకంగా చేస్తూ ఉండాలి: మీ పక్కన తాడు లేకుండా కూర్చోవడం, డమ్మీ పడినా మీరు పంపేవరకు కదలకపోవడం, వెళ్ళి నోట కరచుకుని నేరుగా మీ దగ్గరికే రావడం, నమలకుండా మీ చేతిలో పెట్టడం. వీటిలో ఏ ఒక్కటి రాకపోయినా లాంచర్‌ను అటక మీద పెట్టేయండి. పది మీటర్ల దూరంలో ఉన్న లోపం వంద మీటర్ల దూరానికి వెళ్తే పది రెట్లవుతుంది, పైగా అక్కడ మీ గొంతు కూడా సరిగా వినబడదు. ఏడాది నిండని కుక్కపిల్లలకు కీళ్ళు ఇంకా గట్టిపడవు; వేగంగా పరుగెత్తి ఒక్కసారిగా ఆగే ఈ పని వాటికి వద్దు. వాటికి 225 గ్రాముల చిన్న డమ్మీని చేత్తో విసిరితే చాలు.

యంత్రం ఎంపికలో రెండు జాగ్రత్తలు. తూటా పేల్చి డమ్మీని ఎగరేసే రకం విదేశాల్లో దొరుకుతుంది. దాన్ని తెప్పించుకోవాలని చూడవద్దు; ఆ తూటాలు 1959 నాటి ఆయుధాల చట్టంతో చిక్కులు తెచ్చిపెడతాయి, విమానంలో సామానుతో పాటు తేవడం అసలే కుదరదు. రబ్బరుతోనో స్ప్రింగుతోనో పనిచేసే రకమే మనకు సరిపోతుంది. ఇక అమెరికాలో ఉన్న తమ్ముడో మేనకోడలో సూట్‌కేసులో పెట్టి తెచ్చే యంత్రం విషయం: అక్కడి రిమోట్లలో కొన్ని 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. అక్కడ అది అందరూ వాడుకోగల పట్టీ. ఇక్కడ ఆ చుట్టుపక్కలే మొబైల్ నెట్‌వర్కులు నడుస్తున్నాయి. అందువల్ల 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే రిమోట్ ఉన్నదాన్నే తెమ్మని ముందుగా చెప్పండి.

కావలసినవి

- లాంచర్ ఒకటి, దాన్ని నేలకు బిగించే పొడవైన మేకులు నాలుగు, సుత్తి.
- 450 గ్రాముల కాన్వాస్ డమ్మీలు నాలుగు. వీటిలో రెండు తెల్లవి, లేదా నలుపు తెలుపు కలిసినవి అయితే మంచిది. కుక్క కంటికి నీలం, పసుపు తెలుస్తాయి గాని ఎరుపు, నారింజ రంగులు ఆకుపచ్చ గడ్డిలో కలిసిపోయినట్టు కనిపిస్తాయి. నారింజ రంగు డమ్మీ మీకు బాగా కనబడుతుంది, కుక్కకు కాదు. కొట్లో చూడముచ్చటగా ఉందని అదే కొనేవారు ఎక్కువ.
- ఒకే స్థాయిలో మోగే ఈల. లాబ్రడార్లకు 211½ నంబరు, స్పానియల్ జాతి కుక్కలకు 210½ నంబరు ఈలలు వాడడం ఆనవాయితీ. ఏదైనా ఫరవాలేదు, ఇంట్లో అందరూ ఒకటే వాడాలి.
- మెడకు వేసి క్షణంలో తీయగలిగే జారుముడి తాడు.
- కళ్ళకు అడ్డం పెట్టుకునే ప్లాస్టిక్ అద్దాలు, తోలు చేతి తొడుగులు.
- కుక్కకు కనీసం నాలుగు లీటర్ల నీళ్ళు, వెడల్పాటి గిన్నె, ఒక తువ్వాలు.
- చిన్న నోటు పుస్తకం, పెన్సిలు. ఇది లేకపోతే నెల తరువాత మీ కుక్క ఎంత మెరుగుపడిందో చెప్పలేరు.
- మొదటి నాలుగు వారాలు తోడుగా వచ్చే మనిషి ఒకరు.

లాంచర్ కొనే స్తోమత లేకపోతే, ఆ తోడు మనిషినే 40 మీటర్ల దూరంలో నిలబెట్టి ‘హోయ్’ అని కేకవేసి చేత్తో విసరమనండి. మొదటి రెండు నెలల పాఠం దానితోనే పూర్తవుతుంది. సైకిల్ ట్యూబులతో ఇంట్లో లాంచర్ తయారు చేసుకుందామనే ఉత్సాహవంతులకు మాత్రం వద్దనే చెబుతాను. కొక్కెం నమ్మకంగా పట్టుకోవడమే ఇందులో అసలు కష్టం, అది తప్పితే మీ ముఖమే గురి.

1. మైదానం వెతకండి

అపార్ట్‌మెంటు పార్కు, లేఅవుట్‌లోని ఖాళీ స్థలం దీనికి పనికిరావు. కనీసం 150 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు, చుట్టూ రోడ్డు లేని నేల కావాలి. నగరానికి తూర్పున హోసకోటె, మాలూరు వైపు, ఉత్తరాన చిక్కబళ్ళాపురం వైపు రాగి చేలు కోత పూర్తయ్యాక, అంటే డిసెంబరు నుంచి మళ్ళీ దుక్కి దున్నేవరకు, ఖాళీగా ఉంటాయి. ఆ రైతుల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు కనుక అడగడం మనకు సులువు. నేను మొదటిసారి అడిగినప్పుడు ఆ పెద్దాయన యంత్రం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ‘ఏం సామీ, దీంతో మా చేనుకొచ్చే అడివి పందులు పోతాయా?’ అన్నాడు. పోవని చెప్పాక కాస్త నిరాశపడినా రమ్మన్నాడు. అనుమతి లేకుండా ఎవరి చేనులోనూ దిగవద్దు. వెళ్ళేముందు గట్లు తొక్కకుండా, మేకులు గుచ్చిన గుంటలు కాలితో పూడ్చి వెళ్ళండి.

హెసరఘట్ట గడ్డిమైదానం చూడగానే మనసు లాగుతుంది, కానీ అక్కడికి వెళ్ళవద్దు. నేల మీద గూడు పెట్టే పక్షులు ఉన్నచోట కుక్కను వదలడం తప్పు. చేలలో కూడా నెమళ్ళు, కౌజు పిట్టలు ఉంటాయి. ముందు మీరొక్కరే ఆ నేలంతా ఒకసారి నడిచి చూసి, తరువాతే కుక్కను కారులోంచి దించండి. ఆ నడకలోనే పల్లేరు ముళ్ళు, గాజు పెంకులు, మూత లేని బోరు గుంటలు, పుట్టలు ఎక్కడున్నాయో తెలుస్తాయి. పుట్టలూ, గట్టు వెంబడి పేర్చిన రాళ్ళ కుప్పలూ ఉన్న వైపు డమ్మీ పడకుండా చూసుకోండి, రక్తపింజరులకు అవి ఇష్టమైన చోట్లు. నీళ్ళలో డమ్మీ వేసి తెప్పించాలని ఉంటే నగరం చెరువుల మాట మరచిపోండి. బెళ్ళందూరు చెరువు నురగతో నిండి, 2017లో నిప్పంటుకున్న సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది.

2. గాలినీ ఎండనూ చూసి నిలబడండి

ఈ అంచె మీద నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవారు తక్కువ.

కుక్క డమ్మీ పడిన చోటికి కంటితో వెళ్తుంది, చివరి పది మీటర్లలో ముక్కుతో వెతుక్కుంటుంది. కొత్తగా నేర్చుకుంటున్న కుక్క గాలికి ఎదురుగా వెళ్తే వాసన దాని ముక్కుకే వచ్చి తగులుతుంది, కనుక త్వరగా దొరుకుతుంది, ధైర్యం వస్తుంది. గాలి వీపు మీద నుంచి వీస్తుంటే డమ్మీని దాటిపోయేదాకా వాసనే తెలియదు. ఎండ సంగతి మరొకటి: సూర్యుడు కుక్క వెనక ఉండాలి. కళ్ళలో ఎండ పడుతుంటే గాలిలో లేచిన డమ్మీ దానికి కనబడనే కనబడదు.

బెంగళూరులో జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలి ప్రధానంగా పడమర నుంచి వీస్తుంది. పొద్దున్నే మీరు పడమర ముఖంగా నిలబడితే ఎండ వీపు మీద, గాలి ముఖాన, రెండూ కలిసివస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గాలి తూర్పు నుంచి వీస్తుంది, అప్పుడు ఈ రెండింటికీ పొత్తు కుదరదు. ఆ నెలల్లో ఉత్తర ముఖంగా నిలబడండి. ఆగ్నేయాన ఉదయించే సూర్యుడు మీ కుడి భుజం వెనక ఉంటాడు, గాలి కుడి నుంచి ఎడమకు అడ్డంగా పోతుంది. అడ్డగాలిలో కుక్క డమ్మీకి ఎడమవైపున, అంటే గాలి వాలున, కాస్త పక్కగా వెళ్ళి తిరిగి వస్తుంది. అది గురి తప్పడం కాదు, ముక్కు వాడడం; అప్పుడు అరవవద్దు. పిడికెడు పొడి మట్టి వదిలి చూస్తే గాలి దిశ తెలిసిపోతుంది, యాప్ అక్కర్లేదు.

3. యంత్రాన్ని అడ్డంగా పెట్టండి

మీరు నిలబడిన చోటు నుంచి 40 మీటర్ల దూరంలో యంత్రాన్ని ఉంచి, డమ్మీ మీ వైపుకో మీకు నేరుగా అవతలికో కాకుండా, ఎడమకో కుడికో అడ్డంగా ఎగిరేలా తిప్పండి. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. డమ్మీ మీకు నేరుగా అవతల పడితే కుక్క వెళ్ళే దారిలో ముందుగా యంత్రమే తగులుతుంది. అక్కడ రబ్బరు వాసన, మీ చేతుల వాసన, మిగతా డమ్మీల వాసన అన్నీ ఉంటాయి. ఆగకుండా ఎలా పోతుంది? అడ్డంగా ఎగరేస్తే యంత్రానికీ డమ్మీకీ మధ్య 20 మీటర్లకు పైగా దూరం ఉంటుంది, కుక్క వెళ్ళే గీత వేరుగా ఉంటుంది. అదనపు డమ్మీలను యంత్రం పక్కన పడేయవద్దు, సంచిలో మూతి కట్టి కారులోనో తోడు మనిషి చేతిలోనో ఉంచండి.

4. బిగించండి, కానీ ముఖం దూరంగా

బిగించిన లాంచర్ ఎలుకల బోను లాంటిది, కాకపోతే వేలితో ఆగదు. వరుస ఎప్పుడూ ఇదే: ముందు మేకులు నేలలో పూర్తిగా దిగేలా కొట్టండి. రక్షణ పిన్ను పెట్టండి. తరువాత రబ్బరు సాగదీసి కొక్కెం పట్టించండి. డమ్మీ పెట్టండి. యంత్రంలో రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ ఆన్ చేసి, అయిదు సెకన్లు ఆగండి. పక్కకు జరిగి, చేయి మాత్రమే చాచి పిన్ను తీయండి. ఏ దశలోనూ తొట్టి మీదికి వంగవద్దు. రిమోట్ మీ జేబులో కాక కారు మీద ఉండాలి, జేబులో బటన్ దానంతట అదే నొక్కుకుంటుంది.

నేను ఈ వరుస నేర్చుకున్నది దెబ్బ తిన్నాకే. పిన్ను తీసేసి, ఆ తరువాత రిసీవర్ ఆన్ చేశాను. ఆన్ అయిన క్షణమే కొక్కెం విడింది. అరకిలో డమ్మీ మణికట్టుకు తగిలింది. అక్కడ ఎముక పైన లేచిన ముద్ద రెండు వారాలు తగ్గలేదు, స్కూటర్ హ్యాండిల్ పట్టుకోవడానికి కూడా ఇబ్బంది పడ్డాను. ఒక జానెడు ఎత్తున ఉంటే కన్ను పోయేది.

డమ్మీ లేకుండా యంత్రాన్ని వదలవద్దు. తొట్టి వచ్చి చట్రానికి బలంగా కొట్టుకుని వెల్డింగులు చిట్లుతాయి. మొదటి రోజు కుక్కను తీసుకురాకముందే సిగ్నల్ పరీక్షించండి. 50, 100, 150 మీటర్ల దూరాల నుంచి మూడేసి సార్లు నొక్కి చూడండి. ఏ దూరంలో మూడుకు మూడూ పనిచేశాయో అదే మీ హద్దు, డబ్బా మీద ముద్రించిన అంకె కాదు. రిసీవర్ నేలను ఆనుకుని ఉంటే సిగ్నల్ తగ్గుతుంది, యాంటెన్నా నిలువుగా, గడ్డికి పైన ఉండేలా చూడండి.

5. శబ్దాన్ని ముందుగా పరిచయం చేయండి

చాలా యంత్రాలు వదిలేముందు ‘బీప్’ అంటాయి, తరువాత రబ్బరు ‘టప్’మని కొడుతుంది. మనకు అది చిన్న శబ్దమే గాని కొన్ని కుక్కలు దీపావళి టపాసులను తలుచుకుంటాయి. అందుకని మొదటిసారి మీరు కుక్కతో 80 మీటర్ల దూరంలో ఉండి దానికి ఇష్టమైన తిండి పెడుతుండగా, తోడు మనిషి అక్కడ యంత్రం దగ్గర వదలాలి. కుక్క చెవులు నిక్కబొడుచుకుని చూస్తే మంచిదే. తోక కాళ్ళ మధ్య పెట్టినా, తిండి వదిలేసినా, మీ వెనక్కి వచ్చి నిలబడినా ఆ రోజుకు అంతే. రేపు దూరం రెట్టింపు చేసి మళ్ళీ మొదలుపెట్టండి. ఓదారుస్తూ యంత్రం దగ్గరికి లాక్కుపోవడం మాత్రం చేయవద్దు. నాలుగైదు సార్లు శబ్దం విన్నాక తోక ఊపుతూ చూస్తుంటే తరువాతి అంచెకు వెళ్ళవచ్చు.

6. మనిషి పక్కన ఉండగా మొదటి విసుర్లు

తోడు మనిషిని యంత్రానికి రెండు మీటర్ల వెనక నిలబెట్టండి. కుక్కకు ఇప్పటిదాకా మనిషి చేతి నుంచి డమ్మీ ఎగరడమే తెలుసు కనుక అది మనిషివైపే చూస్తుంది. ఆయన ‘హోయ్’ అనగానే మీరు బటన్ నొక్కండి. డమ్మీ పడ్డాక వెంటనే పంపవద్దు. మనసులో అయిదు లెక్కపెట్టి, కుక్క ఇంకా ఆ చోటునే చూస్తుంటే, పేరు పిలిచి పంపండి. చూపు పక్కకు పోయిందా, పంపకండి. మళ్ళీ అక్కడికే మరొకటి వేయించండి.

చేత్తో విసిరేవాడికి అలసట వస్తుంది, ప్రతిసారీ వేర్వేరు చోట వేస్తాడు. యంత్రం రెండోసారి కూడా దాదాపు అక్కడే వేస్తుంది. కుక్క వెతికి వెతికి దారి తప్పితే మీరు వేలు చూపిస్తూ అరవనక్కర్లేదు. తోడు మనిషి రెండో డమ్మీ పెట్టి ఉంచితే బటన్ మళ్ళీ నొక్కండి, దాని తల అటు తిరుగుతుంది. ఆ తల తిరిగే క్షణం చూడడానికే నేను లాంచర్ వాడతాను.

ఈ అంచెను కనీసం ఆరు పూటలు చేయాలి. తరువాత మనిషిని యంత్రానికి దూరంగా, ఒక్కో పూటకు అయిదు మీటర్లు వెనక్కి జరుపుతూ, చివరకు చెట్టు చాటుకు పంపేయండి. మనిషి దొరకనివారు వెదురు కర్రకు తెల్ల చొక్కా తొడిగి యంత్రం పక్కన పాతవచ్చు, అదీ ఇలాగే మెల్లగా తీసేయాలి.

7. ప్రతి డమ్మీ కుక్కది కాదు

ఒక పూటకు ఆరు విసుర్లు చాలు. అందులో మూడింటికే కుక్కను పంపండి. మిగతా మూడూ మీరే నడిచి వెళ్ళి తెచ్చుకోండి, కుక్క కూర్చుని చూస్తూ ఉండాలి. ఎండలో ఎనభై మీటర్లు నడిచి డమ్మీ తెచ్చుకోవడం చూసి పక్క చేను వాళ్ళు నవ్వుతారు; నవ్వనివ్వండి. ఈ ఒక్కటి మానేసినందుకే ‘బీప్’ వినగానే తాడు తెంపుకుని పరుగెత్తే కుక్కలు తయారవుతాయి. మీరు పంపకుండానే కుక్క లేచి పరుగెడితే ఈల ఊది ఆపడానికి ప్రయత్నించండి, ఆగకపోతే తోడు మనిషి ముందే వెళ్ళి డమ్మీ తీసేసుకోవాలి. పంపకుండా పోయిన కుక్కకు డమ్మీ దొరక్కూడదు. అలా రెండుసార్లు జరిగితే జారుముడి తాడు మళ్ళీ మెడలో వేయండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. కరెంటు షాకు ఇచ్చే కాలర్ కొనాలా అని అడిగేవారికి నా జవాబు ఒకటే: తాడుతో, ఓపికతో రానిది దానితో వస్తే, ఆ వచ్చినది నిలకడ కాదు, భయం.

8. దూరం పెంచండి, ఒక్కసారి ఒక్కటే మార్చండి

వరుసగా రెండు పూటలు కుక్క పంపిన ప్రతిసారీ తిన్నగా వెళ్ళి తెస్తే దూరం 40 నుంచి 60కి, తరువాత 80కి పెంచండి. దూరం పెంచిన రోజు గడ్డి ఎత్తు పెంచవద్దు, కొత్త మైదానానికి వెళ్ళవద్దు. గడ్డి మోకాలెత్తుకు మార్చిన రోజు దూరాన్ని మళ్ళీ 40కి తగ్గించండి. అడ్డంగా ఎగిరినవాటిని తేవడం కుక్కకు బాగా వచ్చాకే డమ్మీ అడ్డంగా, కొంచెం అవతలికి పడేలా యంత్రాన్ని తిప్పండి. అది మన కంటికి చిన్న తేడాగా ఉంటుంది గాని చాలా కుక్కలు అలవాటుగా పాత చోటికే వెళ్ళి అక్కడే తిరుగుతాయి.

రెండో లాంచర్ ఉన్నవారు రెండు డమ్మీలు వేసి ఒకదాని తరువాత ఒకటి తెప్పించవచ్చు. కుక్క చివర పడినదానికే ముందు వెళ్తుంది, మొదటిదాన్ని గుర్తుపెట్టుకోవాలి. రెండింటి మధ్య కోణం తొంభై డిగ్రీలకు తగ్గకుండా మొదలుపెట్టండి. దగ్గర దగ్గరగా వేస్తే ఒకదాని నుంచి మరొకదానికి పోయి, నోట్లోది పారేసి రెండోది పట్టుకునే చెడు అలవాటు వస్తుంది. ఒకే లాంచర్ ఉంటే మొదటిది చేత్తో విసిరి, రెండోది యంత్రంతో వేయండి.

తరచుగా కనబడే తప్పులు

యంత్రం దగ్గరికే పరుగెత్తడం గురించి చెప్పాను. అలవాటు ఇప్పటికే పడిపోయి ఉంటే వారం రోజులు యంత్రాన్ని నేల మీద ఊరికే పెట్టి, దానికి దూరంగా చేత్తో విసరండి. యంత్రం దగ్గర ఏమీ దొరకదని కుక్క తెలుసుకోవాలి. మా కుక్క చిట్టి ఒకరోజు డమ్మీ వదిలేసి, వంచి విరిచిన యాంటెన్నాను నోట కరచుకుని, ఎంతో గర్వంగా తోక ఊపుతూ తెచ్చి నా చేతిలో పెట్టింది. తిట్టడానికి నాకు నోరు రాలేదు. తెచ్చి చేతికివ్వడం అది బాగానే నేర్చుకుంది మరి. ఆ రోజు యంత్రాన్ని నా ఎదురుగా నిలబెట్టింది నేనే.

కుక్క చూడనప్పుడు బటన్ నొక్కడం మరో తప్పు. ‘బీప్’ వినబడ్డాక కుక్క తల తిప్పేలోపు డమ్మీ పడిపోతుంది. ఆ తరువాత అది ఊహించి వెళ్తుంది, దొరికితే ఊహించడమే నేర్చుకుంటుంది. ప్రతిసారీ ఒకే మైదానంలో, ఒకే చోట యంత్రం పెట్టడం కూడా ఇలాంటిదే. కుక్క పడిన చోటు చూడడం మానేసి నిన్నటి చోటికి పోతుంది. డమ్మీకి కోడి రెక్కలు కట్టమంటారా అని అడిగేవారున్నారు. అవసరం లేదు, ఊరి కుక్కలు చేను చుట్టూ చేరతాయి.

సరిగా వస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

డమ్మీ పడగానే దానికి అవతల కనిపించే చెట్టునో కరెంటు స్తంభాన్నో మీరు కూడా గుర్తుపెట్టుకోండి. ముందు మీకు మార్క్ చేయడం రావాలి. తరువాత ప్రతి విసురుకూ నోటు పుస్తకంలో నాలుగే విషయాలు రాయండి: పంపేవరకు కదలకుండా కూర్చుందా, తిన్నగా వెళ్ళిందా, డమ్మీకి అయిదడుగుల లోపలికి మొదటిసారే చేరిందా, అక్కడికి చేరాక నోట పట్టుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టింది. పంపిన పదింటిలో ఎనిమిదింటికి మొదటి మూడూ ‘అవును’ అయితే పై అంచెకు వెళ్ళవచ్చు. ఆరుకు తగ్గితే ఒక అంచె వెనక్కి రండి. నా పుస్తకంలో రెండో నెలంతా వెనక్కి రావడమే కనిపిస్తుంది.

ఒక పరీక్ష మాత్రం నెలకోసారి చేయండి. కొత్త మైదానంలో, కుక్కకు యంత్రం కనబడకుండా పొద చాటున పెట్టి, ఒకే ఒక్క డమ్మీ వేయండి. మనిషీ లేక, యంత్రమూ కనబడక, గాలిలో లేచినదాన్ని మాత్రమే చూసి అది తిన్నగా వెళ్ళిందంటే పాఠం వచ్చినట్టే.

ఎండ, అలసట

ఫిబ్రవరి నుంచి మే వరకు ఉదయం ఏడున్నర దాటాక ఈ పని చేయవద్దు. అరచేతి వెనక భాగాన్ని నేల మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలకూ ఆ నేల వద్దు. లాబ్రడార్ తనంతట తాను చాలని చెప్పదు; పడిపోయేదాకా తెస్తూనే ఉంటుంది. నాలుక వెడల్పుగా సాగి వేలాడుతున్నా, చిగుళ్ళు బాగా ఎర్రబడినా, నడక తూలుతున్నా వెంటనే ఆపి నీడకు తీసుకెళ్ళి, పొట్ట కింద, తొడల మధ్య మామూలు నీళ్ళు పోస్తూ గాలి తగిలేలా చేయండి. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 సెల్సియస్ వరకు ఉంటుంది; 41 దాటితే వడదెబ్బ, తడుపుతూనే పశువైద్యుడి దగ్గరికి బయలుదేరాలి.

కొన్ని లాబ్రడార్లలో వంశపారంపర్యంగా మరో సమస్య ఉంటుంది. ఎండ లేకపోయినా, ఉత్సాహంగా పరుగెత్తిన అయిదు నుంచి ఇరవై నిమిషాల్లో వెనక కాళ్ళు సడలి కూలబడతాయి. దీన్ని ఈఐసీ (ఎక్సర్‌సైజ్ ఇండ్యూస్డ్ కొలాప్స్, అంటే శ్రమ వల్ల కూలబడడం) అంటారు. డీఎన్‌ఎం1 అనే జన్యువులోని మార్పు దీనికి కారణమని 2008లో గుర్తించారు. రక్తంతోనో నోటి లోపలి పూతతోనో చేసే జన్యు పరీక్ష ఉంది. మీ కుక్క ఒక్కసారి అలా కూలబడినా పరీక్ష చేయించేదాకా లాంచర్ ముట్టుకోవద్దు.

పని ముగిశాక

యంత్రంలో డమ్మీ మిగిలి ఉంటే చేత్తో కొక్కెం విప్పడానికి ప్రయత్నించవద్దు, దూరం నుంచి రిమోట్‌తోనే వదిలేయండి. రబ్బరును సాగదీసి ఉంచవద్దు, కారు డిక్కీలో ఎండకు వదిలేయవద్దు. రబ్బరును వంచి చూసినప్పుడు సన్నని గీతలు కనబడితే ఆ రోజే మార్చండి. తెగేటప్పుడు చెప్పి తెగదు. తడిసిన కాన్వాస్ డమ్మీలను గాలికి ఆరబెట్టాకే సంచిలో వేయండి, లేకపోతే బూజు పడతాయి. కారెక్కేముందు కుక్క చెవుల వెనక, చంకల్లో, వేళ్ళ మధ్య వేలుపెట్టి వెతకండి. రాగి మోళ్ళలో తిరిగి వచ్చిన కుక్కకు గోమార్లు ముందుగా పట్టేది ఆ చోట్లే. చిట్టికి పోయినవారం ఎడమ చెవి మడతలో రెండు దొరికాయి, ఒకటి ఇంకా పెసరగింజంత కూడా లేదు.